ముందు వైద్యం, తర్వాతే సంతకాలు

వార్చబోతున్న గంజి, పొయ్యి మీంచి దించి పక్కన పెట్టిన పప్పుచారు, స్నానానికి బకెట్లో పోసిన వేడినీళ్ళు. నడక నేర్చిన పిల్లలు ఒళ్ళు కాల్చుకోవడానికి మన ఇళ్ళల్లో మంటలే అక్కర్లేదు, ఇవి చాలు. ఒకటే గది, అందులోనే వంట, అందులోనే పడక, నేలమీదే పొయ్యి వున్నచోట ఇది ఏ రోజైనా జరగొచ్చు. జరిగిన మరుక్షణం బిడ్డ చుట్టూ జనం మూగుతారు. ఆ వెంటనే తల్లి చుట్టూ మూగుతారు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అని అత్తగారు. "ఫోను చూస్తూ కూర్చుని వుంటుంది" అని పక్కింటివాళ్ళు. కబురందుకుని వచ్చిన భర్త ముందు చెయ్యి చేసుకుని, ఆ తర్వాత బిడ్డ ఎలా వుందని అడిగిన సందర్భాలు కార్యకర్తలు చాలానే విని వుంటారు. ఆ సమయానికి తండ్రి ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. అతను పనిలో వున్నాడు కదా! ఆమె పొయ్యి దగ్గర చేస్తున్నదీ పనేననీ, ఒకే సమయంలో రెండు పనులు, వంటా పిల్లా, ఆమె ఒక్కదాని మీదే పడ్డాయనీ ఎవరికీ తోచదు. గాయపడ్డ బిడ్డని చంకనేసుకుని పరుగెత్తే తల్లి అప్పటికే తనని తాను తిట్టుకుంటూనే వుంటుంది. ఇతరుల సాయం అక్కర్లేదు అందుకు.

ఈ నింద అంతా ఒక ఎత్తు, ఆసుపత్రి గుమ్మంలో ఎదురయ్యేది ఒక ఎత్తు. "పిల్ల తండ్రేడి? ఆయన వచ్చి సంతకం పెట్టాలి." "డిపాజిట్ కట్టి రండి." "ఇది పోలీసు కేసవుతుంది, మేం ముట్టుకోం, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి." ఆ తండ్రి దుబాయ్‌లో వుండొచ్చు, హైదరాబాదులో మేస్త్రీ పనిలో వుండొచ్చు, వదిలేసి వెళ్ళిపోయి వుండొచ్చు, బతికే వుండకపోవచ్చు. బిడ్డని కని, పెంచి, ఇప్పుడు చేతుల్లో పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎదురుగా పెట్టుకుని, లేని మనిషి సంతకం కోసం ఎదురుచూస్తుంది వ్యవస్థ.

ఈ ఎదురుచూపు ఖరీదేమిటో తెలుసుకోవాలి. పసిపిల్లల చర్మం పెద్దవాళ్ళకంటే పలచన. మన చేతిమీద పడితే ఎర్రబడి వూరుకునే వేడినీళ్ళు వాళ్ళ ఒంటిమీద లోతుగా కాలుస్తాయి. బిడ్డ అరచెయ్యి, వేళ్ళతో సహా, ఆ బిడ్డ ఒంటిలో సుమారు 1 శాతం. అలాంటి పది అరచేతులంత మేర పొక్కులెక్కితే రక్తనాళాల్లోంచి నీరు బయటికి పోయి బిడ్డ షాక్‌లోకి జారుకునే ప్రమాదం వుంటుంది. అందుకే సెలైను ఎక్కిస్తారు. మొదటి 24 గంటలకి లెక్కకట్టిన ద్రవంలో సగం మొదటి 8 గంటల్లోనే ఎక్కించాలన్నది వైద్యులు పాటించే సూత్రం. ఆ 8 గంటలు మొదలయ్యేది బిడ్డ కాలిన నిమిషం నుంచి, ఆసుపత్రిలో పేరు రాయించుకున్న నిమిషం నుంచి కాదు. మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి నగరానికి చీటీలు రాసి పంపే ప్రతిచోటా కరిగిపోయేది ఆ గంటలే.

చట్టం ఏమంటోంది? 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. స్కూటరు మీద వెళ్తున్న ఒక వ్యక్తిని కారు గుద్దింది. దగ్గర్లో వున్న ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇలాంటి మెడికో-లీగల్ కేసులు చూసే అధికారం మాకు లేదని 20 కిలోమీటర్ల అవతల వున్న ఇంకో ఆసుపత్రికి పంపారు. దారిలో అతని ప్రాణం పోయింది. ప్రాణం కాపాడటమే మొదటి బాధ్యత, పోలీసు లాంఛనాలు అందుకు అడ్డు రాకూడదు, ప్రభుత్వ వైద్యులకైనా ప్రైవేటు వైద్యులకైనా ఇదే వర్తిస్తుందని కోర్టు చెప్పింది.

మరో తీర్పు 1996లో వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడు హకీం షేక్ 1992లో రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలితే, ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. మంచాలు లేవన్నారు, సౌకర్యాలు లేవన్నారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకున్నాడు. సంఘం అతని తరఫున సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమేనని, డబ్బు లేదన్న సాకు ప్రభుత్వానికి చెల్లదని కోర్టు చెప్పి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఈ హక్కుని కూలీల సంఘం పోరాడి తెచ్చిందని మన సంఘాలు గుర్తుంచుకోవడం మంచిది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదిది.

ఇక సంతకం సంగతి. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ సహజ సంరక్షకుడు తండ్రి అనీ, అతని తర్వాత తల్లి అనీ అంటుంది. అదే సెక్షన్, అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే వుండాలని కూడా అంటుంది. చాకిరీ ఆమెకి, సంతకం అతనికి! ఈ పంపకాన్ని రచయిత్రి గీతా హరిహరన్ కోర్టులో సవాలు చేశారు. కొడుకు పేరుమీద రిజర్వు బ్యాంకు బాండ్లు కొనడానికి తల్లి సంతకం చాలదనడంతో మొదలైన కేసది. 1999లో సుప్రీంకోర్టు, "అతని తర్వాత" అంటే తండ్రి చనిపోయాక అనే కాదు, అతను అందుబాటులో లేనప్పుడు, బిడ్డని పట్టించుకోనప్పుడు కూడా అని అర్థం చెప్పింది. సెక్షన్ని కొట్టెయ్యలేదు. తల్లిని రెండో స్థానంలోనే వుంచింది. మనకది సంతృప్తినిచ్చే తీర్పు కాదు. అయినా ఆసుపత్రి గుమ్మంలో పనికొచ్చే తీర్పే.

దానికన్నా సూటిగా పనికొచ్చేది క్రిమినల్ చట్టం. పన్నెండేళ్ళలోపు బిడ్డ మేలుకోసం చేసే పనికి సంరక్షకులు గానీ, చట్టబద్ధంగా బిడ్డ బాధ్యత చూస్తున్న వ్యక్తి గానీ ఇచ్చే సమ్మతి సరిపోతుందని పాత శిక్షాస్మృతి 89వ సెక్షన్ అనేది. ఎవరి సమ్మతీ తీసుకునే వ్యవధి లేనప్పుడు, మంచి ఉద్దేశంతో వైద్యం చేసిన డాక్టరుకి 92వ సెక్షన్ రక్షణ ఇచ్చేది. 2024 జులై 1 నుంచి అమల్లో వున్న భారతీయ న్యాయ సంహితలో ఇవే 27, 30 సెక్షన్లు. అక్కడ "తండ్రి" అన్న మాటే లేదు. కాబట్టి తండ్రి వచ్చేదాకా ఆగాలన్నది చట్టం పెట్టిన షరతు కాదు. అది ఆసుపత్రుల అలవాటు, మన సమాజపు అలవాటు.

పోలీసుల పేరు చెప్పి భయపెట్టడం ఇంకొకటి. కాలిన గాయాల్ని మెడికో-లీగల్ కేసుగా నమోదు చేస్తారు. అలా నమోదైతే తల్లి నేరస్తురాలైపోయినట్టు కాదు. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ శిక్షించేది పిల్లల్ని హింసించడాన్ని, బుద్ధిపూర్వకంగా నిర్లక్ష్యం చెయ్యడాన్ని. గిన్నె ఒలికిపోవడం బుద్ధిపూర్వకం కాదు. అలాగని డాక్టర్లు, నర్సులు ప్రశ్నలే అడగకూడదని మనం అనం. పిల్లలకి వాతలు పెట్టే ఇళ్ళు ఇంకా వున్నాయి, కావాలని కాల్చినవాళ్ళూ వున్నారు. అడగాలి, కానీ ఒకపక్క సెలైను పెడుతూ అడగాలి, తండ్రినీ అడగాలి. కోడలు కాలి చచ్చిపోతే స్టవ్ పేలిందని రాసుకుని ఏళ్ళ తరబడి ఫైళ్ళు మూసేసిన యంత్రాంగానికి, పప్పుచారు మీదపడ్డ బిడ్డ తల్లిని చూడగానే అనుమానం పుట్టుకురావడం విచిత్రమే.

ఆసుపత్రికి ముందు చేయాల్సింది కూడా మన సమావేశాల్లో చెప్పాలి. కాలినచోట కుళాయి కింద మామూలు చల్లటి నీళ్ళు 20 నిమిషాలు ధారగా పొయ్యాలి. ఐసు వద్దు. పసిబిడ్డ కాబట్టి మిగతా ఒంటిని పొడిగుడ్డతో వెచ్చగా కప్పి వుంచాలి. తడిసిన బట్టలు, గాజులు, మొలతాడు తీసెయ్యాలి. చర్మానికి అంటుకుపోయిన గుడ్డని మాత్రం లాగకూడదు. సిరా, టూత్‌పేస్టు, ఇడ్లీపిండి, పసుపు, పేడ ఏదీ పుయ్యొద్దు. ఇవి గాయాన్ని కప్పేసి ఎంత లోతుగా కాలిందో డాక్టరుకి కనపడనివ్వవు, చీము కూడా పట్టిస్తాయి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోను చెయ్యాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ అంబులెన్సుకి డబ్బు కట్టక్కర్లేదు.

చేర్చుకున్నాక వార్డులో గడిచే రోజుల గురించి ఎవరూ మాట్లాడరు. డ్రెస్సింగు మార్చే ప్రతిసారీ బిడ్డ పెట్టే కేకలు వింటూ ఆమే పట్టుకు కూర్చోవాలి. మంచం కింద గుడ్డ పరుచుకుని ఆమే పడుకోవాలి. ఇంటిదగ్గర ఇంకో బిడ్డ, పోయిన కూలి, అప్పు. కీళ్ళ దగ్గర కాలిన చర్మం ముడుచుకుపోకుండా నెలల తరబడి వ్యాయామం చేయించాలి, దానికి రాకపోకల బస్సు చార్జీలు మళ్ళీ ఆమె కూలిలోంచే. చికిత్స ఖర్చుకి ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ వున్నాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగాలి. పోయిన కూలికి మాత్రం ఏ పథకమూ లేదు. తల్లి పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే గది వుంటే ఈ ప్రమాదాల్లో కొన్నయినా తప్పేవి. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలాల్లో అలాంటి గది వుండాలని 1996లోనే చట్టం చేశారు. అది ఎన్ని చోట్ల కట్టారో ఇటుకలు మోసే మన అక్కచెల్లెళ్ళని అడగండి.

ఈ మూడు నెలల్లో సంఘాలన్నీ ఒక పని చెయ్యాలని మా విజ్ఞప్తి. మీ మండల, జిల్లా ఆసుపత్రులకీ, దగ్గర్లోని ప్రైవేటు నర్సింగ్ హోములకీ వెళ్ళి పిల్లల్ని చేర్చుకునే ఫారం, ఆపరేషను సమ్మతి పత్రం ఖాళీవి అడిగి తీసుకోండి. సంతకం చోట ఏమని అచ్చయి వుందో చూడండి. "తండ్రి" అని మాత్రమే వున్న ప్రతి ఫారాన్నీ, ఆసుపత్రి పేరు, తీసుకున్న తేదీ వేసి మాకు పంపండి. అన్నీ కలిపి రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకీ ఒకే వినతిపత్రంతో ఇద్దాం.