గ్రిప్ తగిలించాలా?

దుబాయ్‌లో కెమెరా కొన్న మనవాళ్ళు చాలామంది ఆ వెంటనే బ్యాటరీ గ్రిప్ మీద పడతారు. ఛార్జింగ్ రెట్టింపు వస్తుందని! ఆ మాటకొస్తే జేబులో ఇంకో బ్యాటరీ వేసుకున్నా అంతే వస్తుంది.

నన్నడిగితే గ్రిప్ విలువ బ్యాటరీలో లేదు, దాని అంచునున్న రెండో షట్టర్ బటన్‌లో ఉంది. ఉగాది సభలో పిల్లల కూచిపూడి తీస్తున్నారనుకోండి. ఎక్కువగా నిలువు ఫోటోలే కదా. గ్రిప్ లేకపోతే రెండు గంటలు మోచెయ్యి గాల్లో లేపి పట్టుకోవాలి. మర్నాడు భుజం చెబుతుంది కథంతా. నికాన్ డి850కైతే ఇంకో లాభం కూడా ఉంది. ఎంబి-డి18 గ్రిప్‌లో పెద్ద బ్యాటరీ వేస్తే సెకనుకి 7 ఫోటోల వేగం 9 అవుతుంది. రాస్ అల్ ఖోర్‌లో ఫ్లెమింగోలు గుంపుగా లేచేటప్పుడు ఆ రెండూ అక్కరకొస్తాయి.

లివా ఇసుకతిన్నెలకి మాత్రం వద్దు. చాలా మోడళ్ళలో గ్రిప్ బిగించాలంటే బ్యాటరీ మూత ఊడదీయాలి. అంత సన్న ఇసుకలో ఇంకో అతుకు, ఇంకాస్త బరువు ఎందుకు చెప్పండి? (ఎండకి పనికొస్తుందా అంటే అదీ లేదు. ఛార్జింగ్‌ని అప్పటికప్పుడు దించేసేది చలి. ఎండ బ్యాటరీ ఆయుష్షు తింటుంది, అది గ్రిప్‌లో ఉన్నా తింటుంది.) అబుదాబి దాటకముందే గ్రిప్ విప్పేసి, రెండు బ్యాటరీలు జిప్ సంచీలో వేసుకోండి.