మన పొగకు మన లెక్క

కోదాడనుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు పోయి, అచ్చటినుండి కృష్ణ దిక్కుగా దామరచర్లదాక సాగువాడు దేశపు హరితగృహ వాయువుల లెక్కలోని ముఖ్యమైన పద్దులను ఒక్కపూటలో చూడగలడు. నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింది వరిమళ్లు మీథేను పద్దు. మేళ్లచెర్వు, మట్టంపల్లి ప్రాంతముల సిమెంటు కర్మాగారములు పరిశ్రమల పద్దు. వీర్లపాలెమున యాదాద్రి విద్యుత్కేంద్రము బొగ్గు పద్దు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో కాలు ఊకది వేరొక దారి: దాని బొగ్గుపులుసు వాయువును పైరు మరల పీల్చుకొనునను నియమముచేత మొత్తములో కలుపక ప్రక్కన చూపుదురు. ఇన్ని పద్దులకు చోటైన ఈ సీమకు జాతీయ నివేదికలో తనదనదగిన పుట ఒక్కటియు లేదు. సూర్యాపేట పఠనమందిరములో కూర్చుండి, మన జిల్లా ఏటేట గాలిలోనికి ఎంత వదలుచున్నదని అడిగినవానికి అందులో సమాధానము దొరకదు.

లెక్కలతో మనకేమి, చెట్లు నాటిన చాలునను పెద్దమనుష్యులు కలరు. వారికి 1991 నాటి సంగతి జ్ఞప్తి చేయవలసియున్నది. భారతదేశపు వరిపొలములనుండి ఏటికి 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేను వెలువడుచున్నదని అమెరికా పర్యావరణ సంస్థ ఒక అంచనా వేసెను. అన్యదేశముల క్షేత్రములలో కొలిచిన అంకెలను మన విస్తీర్ణముతో గుణించుటయే ఆ విద్య! అంతట ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పక్షమున ఆచార్య ఎ. పి. మిత్ర ప్రభృతులు దేశములోని పెక్కు చోట్ల మడులలో పెట్టెలమర్చి, గాలి పట్టి, స్వయముగా కొలిచిరి. తేలినది సుమారు 40 లక్షల టన్నులు. మోపిన నిందలో తొమ్మిదవ వంతు మాత్రమే మనదయ్యెను. మన కొలత లేకున్నచో ఆ పెద్ద అంకెయే ప్రపంచసభలలో మనపై సాక్ష్యమై నిలిచియుండెడిది.

నాటినుండి దేశము ఊరకుండలేదు. 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు కట్టుబడి, 1994వ సంవత్సరపు లెక్కను 2004లో సమర్పించితిమి. 2000పు లెక్కను 2012లో. 2020పు లెక్క 2024 డిసెంబరున వెలువడినది. అడవులు పీల్చుకొనునది తీసివేయక మునుపు ఆ యేటి మొత్తము 295 కోట్ల 90 లక్షల టన్నులు. అందు నూటికి సుమారు 76 వంతులు శక్తిరంగమునది, 14 వంతులు వ్యవసాయమునది. పదేండ్ల ఆలస్యము నాలుగేండ్లకు తగ్గుట సంతోషకరమే. అయినను నాలుగేండ్లనాటి ఆస్తి జాబితాతో నేటి వ్యాజ్యము నడపు వకీలును కక్షిదారు మెచ్చునా?

ఆలస్యమునకంటె పునాది సంగతి పెద్దది. మన శాస్త్రజ్ఞులు నిర్ణయించిన గుణకముల ప్రకారము, పైరుకాలమంతయు నీరు నిలిచియుండు హెక్టారు వరిమడి 162 కిలోల మీథేను వదలును. నడుమ ఒకమారు ఆరబెట్టినచో 66 కిలోలు. పలుమారులు తడిపి ఆరబెట్టినచో 18 కిలోలు. అదే నేల, అదే విత్తనము. నీరు నిలుపు తీరునుబట్టి తొమ్మిదిరెట్ల భేదము! కోదాడ క్రింద ఎన్ని ఎకరములు ఏ తీరున పండుచున్నవో ఎచ్చట వ్రాయబడుచున్నది? వ్యవసాయ విస్తరణాధికారులు వానాకాలమునందును యాసంగియందును పంటల నమోదు చేయుచున్నారు. ఎవరి కమతమున ఎన్ని ఎకరముల వరి యనునది అందులో ఎక్కుచున్నది. నీరెన్ని దినములు నిలిచినదనుటకు ఒక గడి చేర్చిన చాలును.

న్యాయస్థానమున ఇరువదియేండ్లు గడపిన మాకు గడి యనిన చిన్నచూపు లేదు. పహాణీలోని ఒక్క గడి ఎన్ని కుటుంబములను నిలిపెనో, ఎన్నింటిని ముంచెనో కన్నులార చూచితిమి. నిజాము కాలమున లెవీ ధాన్యపు దినములలో పెద్ద గాదెలు తప్పించుకొనగా చిన్నరైతు గాదె ఊడ్చబడెనని మా పెద్దలు చెప్పుచుండిరి. ఎవని చేత కలముండునో వాని మాటయే చెల్లును. రేపు కార్బన్ క్రెడిట్లని కాగితములు పట్టుకొని రైతు గడపకు వచ్చువారుందురు. నీరు తగ్గించిన రైతు తాను తగ్గించెనని దేనితో నిరూపించును? పూర్వస్థితి వ్రాయబడనిచోట తగ్గింపునకు సాక్ష్యముండదు.

మన లెక్క యనిన మనకనుకూలమైన లెక్క యని భ్రమపడరాదు. కాలువనీరు విడువక పారు యాసంగి మడులలో కొలిచినచో మన వాటా పెరుగవచ్చును. పెరిగిన అంకెను దాచుట దేశభక్తి కాదు.

సిమెంటు సంగతి సులువు. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలి సున్నమైనచో 44 కిలోల బొగ్గుపులుసు వాయువు పోవును. బట్టీకి వేసిన బొగ్గు పొగ దానికి అదనము. క్లింకరెంతో తెలిసిన శేషము గుణకారమే. 2025 అక్టోబరు నియమములచేత సిమెంటు పరిశ్రమకు ఉద్గారతీవ్రత లక్ష్యములును విధింపబడినవి.

రాబోవు కాలపు అంచనా అంత సులువు కాదు. 2009లో ప్రభుత్వము ప్రకటించిన ఐదు అధ్యయనములు 2030-31 నాటికి తలసరి ఉద్గారము 2.77 టన్నులని ఒకటి, 5 టన్నులని వేరొకటి చెప్పినవి. ఊహలు భిన్నమైనచో ఫలములు భిన్నములు. అది దోషము కాదు. ఆ ఊహలలో మన సీమ ఏ విధముగా చేరినదో మనకు తెలియకుండుటయే దోషము. యాదాద్రి కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల ఐదు యూనిట్లు. నూటికి డెబ్బదివంతుల సామర్థ్యమున నడచిన, యూనిట్ విద్యుత్తుకు 0.9 కిలో చొప్పున, ఏటికి 2 కోట్ల 20 లక్షల టన్నులని మా చేతి లెక్క. 2020 నాటి దేశపు మొత్తములో అది 134వ వంతు! బొగ్గు కేంద్రము పాతికేండ్లకు తక్కువ కాక నడచును. 2070 నాటికి నికరశూన్యమని 2021లో గ్లాస్గోలో మాట యిచ్చిన దేశము, ఈ ఒక్క మండలపు పొగ ఏ యేట ఎంతకు దిగునో వ్రాసి చూపవద్దా?

కాలువకు నీరు వదలిన తేదీలు నీటిపారుదల శాఖయొద్ద, ఎకరములు వ్యవసాయశాఖయొద్ద, బొగ్గు లెక్క విద్యుత్సంస్థయొద్ద ఉన్నవి. వీనిని ఒక్కచోట చేర్చి ఏటేట జిల్లా పుటగా ప్రకటింపవలెననియు, పంటల నమోదులో నీటిగడి చేర్పవలెననియు సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్లకు అర్జీ వ్రాసి పఠనమందిరపు బల్లపై ఉంచితిమి. చదివి, సమ్మతించినవారు చేవ్రాలు చేయుదురుగాక. అంకెలలో తప్పు కనుగొన్నవారు అంచున దిద్దవచ్చును.