ఐడ్లింగ్ పెంచేస్తే సరిపోతుందా?

బదిలీ ఉత్తర్వు రాగానే సామాన్లతో పాటు మన కార్లూ ఊరు మారతాయి. కొత్త ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కారు వణికిందా, పెద్దవాళ్లు వెంటనే "ఇక్కడి గాలి పడలేదు, ఐడ్లింగ్ కాస్త పెంచమను" అంటారు. పికప్ తగ్గితే "టైమింగ్ ముందుకు జరపమను" అంటారు. టర్బో పెట్రోలు కార్ల విషయంలో ఈ రెండు మాటలూ మానుకోవాలని మా అభిప్రాయం.

కార్బురేటర్ కాలంలో వాటిలో నిజం ఉండేది. సముద్రతీరంలో సరిచేసిన కారును సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు తీసుకెళ్తే, అక్కడ గాలి పీడనం దాదాపు మూడింట రెండు వంతులే. గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గక ఇంజన్ ఆరిపోయేది. మెకానిక్ స్క్రూ తిప్పి సరిచేసేవాడు, డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో కొంచెం జరిపి టైమింగ్ మార్చేవాడు. ఇప్పుడు ఆ పని ఇంజన్‌లోని కంప్యూటర్‌ది.

టైమింగ్ అంటే స్పార్క్ ఎప్పుడు పడాలన్న లెక్క. మిశ్రమం మండడానికి కొంత సమయం కావాలి గనుక పిస్టన్ పైకొసకు చేరకముందే స్పార్క్ పడాలి. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్‌కు ఒక చుట్టుకు 75 మిల్లీసెకన్లు పడితే, 6,000 చుట్లు తిరిగేటప్పుడు పట్టేది 10 మాత్రమే. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకు జరుగుతుంది. కానీ టర్బో గాలిని కుక్కి పంపినప్పుడు సిలిండర్లో ఒత్తిడి, వేడి బాగా పెరుగుతాయి. మంట ఇంకా చేరకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే అంటుకుంటే అది నాకింగ్. ముదిరితే పిస్టన్‌కే చిల్లు పడవచ్చు. అందుకే టర్బో ఒత్తిడిలో స్పార్క్‌ను కొంచెం ఆలస్యం చేస్తారు. స్వీడన్ కంపెనీ సాబ్ 1980లలోనే నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ పెట్టి, అది కనబడగానే టర్బో ఒత్తిడి తగ్గించే ఏర్పాటు చేసింది. పికప్ పెంచుతామని టైమింగ్ ముందుకు జరిపేవాళ్లు అమ్మేది మన ఇంజన్‌కున్న ఈ రక్షణనే.

ఐడ్లింగ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అప్పుడు టర్బో చేసేది దాదాపు ఏమీ లేదు. కంప్యూటర్ కావాలనే స్పార్క్‌ను కాస్త ఆలస్యంగా ఉంచుతుంది. ఏసీ వేయగానే వేగం పడబోతే, స్పార్క్‌ను ముందుకు జరిపి క్షణంలో నిలబెడుతుంది. థ్రాటిల్ తెరిస్తే గాలి వచ్చేసరికి ఆలస్యమవుతుంది మరి! అంత ఏర్పాటున్నా ఇంజన్ వణుకుతోందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే: మసిపట్టిన థ్రాటిల్, అరిగిన ప్లగ్గు, పగిలిన గొట్టం. ఐడ్లింగ్ పెంచితే వణుకు దాగుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. జ్వరం తగ్గాలని థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచినట్టు!

అలాగని కంప్యూటర్‌కు అన్నీ తెలుసని కాదు. గొట్టం పగిలిందని అది చెప్పలేదు, చేతనైనంత వరకు సర్దుకుంటుంది. కాబట్టి స్కానర్ పెట్టి స్పార్క్ ఎన్ని డిగ్రీల దగ్గరుందో, పెట్రోలు ఎంత శాతం సవరిస్తోందో చూడమని అడగాలి. మా కారుకు ఇద్దరు మెకానిక్‌లు థ్రాటిల్ స్క్రూ తిప్పారు. మూడో ఆయన వేలెడంత రబ్బరు గొట్టంలో పగులు చూపించారు. గొట్టం మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఆ స్క్రూను మళ్లీ పాతచోటికి తేవడానికే పూటంతా పట్టింది.