ఆల్బమ్‌లో లేని మామ్మగారు

పొద్దున్నే మేం షట్టర్ ఎత్తకముందే వచ్చి మెట్ల మీద నిలబడేవాళ్ళు రెండు రకాలు. పాస్‌పోర్టు ఫొటో అర్జెంటుగా కావాల్సినవాళ్ళు ఒక రకం. ఇంట్లో పెద్దావిడ పోతే పెద్దకర్మ నాటికి ఫొటో కట్టించాల్సినవాళ్ళు రెండో రకం. వీళ్ళు చంకలో పెళ్ళి ఆల్బమ్ పెట్టుకొని వస్తారు. “మా పాప పెళ్ళి మీరే తీశారు కదమ్మా, ఇందులో మా అమ్మ ఎక్కడో ఉండే ఉంటుంది, చూడండి” అంటారు. కూర్చుని పేజీలు తిప్పుతాం. హల్దీలో ఉండదు. సంగీత్‌లో ఉండదు. తలంబ్రాల దగ్గర ఎవరి భుజం వెనకో సగం మొహం, భోజనాల బంతిలో నోట్లో ముద్దతో ఒకటి. ఆఖరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేసి దండ వేస్తారు.

లక్షలు పోసి, వేల ఫొటోలు తీయించిన పెళ్ళి అది. ఆ ఇంటికి నిజంగా అక్కరకొచ్చే ఫొటో ఒక్కటీ అందులో లేకుండా పోయిందంటే తప్పు ఒక్క ఫొటోగ్రాఫర్‌దే కాదు. పెళ్ళి చేసే పద్ధతిలోనే ఉంది.

మాది తణుకు. స్టూడియో మా నాన్న పెట్టింది. ఆయన రోజుల్లో రీలుకు 36 ఫొటోలు. పెళ్ళికి ఇన్ని రీళ్ళని ముందే బేరం, కడిగించడానికి రాజమండ్రి కలర్ ల్యాబ్‌కి పంపడం. మీట నొక్కితే డబ్బు. అందుకని నాన్న అప్పగింతలకు ముందు పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళి, “బాబుగారూ, రీల్లో ఇంకా నాలుగున్నాయి, ఎవరిని తియ్యమంటారు?” అని అడిగేవారు. ఆయన చుట్టూ చూసి, కాసేపు ఆలోచించి, “మా అమ్మని పిలవండి” అనేవాడు. లేదా మంచానున్న పెదనాన్న కోసం కెమెరానే విడిదింటికి పంపేవాడు. కొడాక్ కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసేసరికి మా ఊళ్ళో రీలు మాటే పోయింది. ఇప్పుడు కార్డులో ఎన్ని ఫొటోలైనా పడతాయి. ఎవరిని తియ్యమంటారని అడిగేవాళ్ళూ లేరు, చుట్టూ చూసి చెప్పేవాళ్ళూ లేరు.

ప్రీవెడ్డింగ్ షూట్ల మీద నాకేం కోపం లేదు. మా ఇంటి మీద అప్పు తీరింది వాటితోనే. కాకపోతే పెళ్ళినాడు మా జట్టులో నలుగురం ఉంటే నాలుగు కెమెరాలూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ చుట్టూనే తిరుగుతున్నాయి. జీలకర్రా బెల్లం నెత్తిన పెట్టేదే అసలు ముహూర్తం. ఆ క్షణాన కూడా మేం మండపానికి అడ్డంగా నిలబడితే బంధువులకు కనిపించేది మా వీపులే. వాళ్ళు పెళ్ళి చూసేది పక్కనున్న ఎల్‌ఈడీ తెర మీద. బంధువులు పెళ్ళిని తెర మీద చూస్తున్నప్పుడు, మేం బంధువులను చూడటం మానేశామని చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది, దాన్ని పేపర్లో రాస్తే నొచ్చుకునేవాళ్ళు ఉంటారని తెలిసీ రాస్తున్నాను. ఆల్బమ్‌లో దొరకనివాళ్ళలో ఎక్కువమంది భర్త పోయిన ఆడవాళ్ళు. తాతగారు ఉన్నంతకాలం పీటల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్న మామ్మగారు, ఆయన పోయాక జరిగిన పెళ్ళిలో వెనక వరసలోకి జరిగిపోతుంది. ఎవరూ పొమ్మనరు. తనే జరుగుతుంది. సొంత కూతురి పెళ్ళిలో కన్యాదానం బాబాయీ పిన్నీ చేస్తుంటే, కన్నతల్లి సామాన్ల గదిలో మంగళద్రవ్యాల పళ్ళేలు సర్దుతూ, తలుపు సందులోంచి చూస్తూ ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఆడదాన్ని కాబట్టి నాకు పెళ్ళికూతురి గదిలోకీ, ఆ సామాన్ల గదిలోకీ కూడా దారి ఉంది. మా జట్టులో మగపిల్లలకు ఆవిడ అక్కడుందని కూడా తెలియదు. ఈ మధ్య కొన్నిచోట్ల తల్లి ఒక్కర్తే కూర్చుని కన్యాదానం చేస్తోంది, అలాంటి పెళ్ళికి పిలిస్తే నేను బేరం ఆడను.

ఆడవాళ్ళు కెమెరా ముందుకు రాలేని కాలంలో కెమెరానే వాళ్ళ దగ్గరికి వెళ్ళిన ముచ్చట మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసమే అది. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. వ్యాపారమే అనుకోండి, కానీ రానివాళ్ళ దగ్గరికి వెళ్ళడం ఎలాగో ఆలోచించాడు. మన దగ్గర ఇప్పుడు పరదా లేదు. సామాన్ల గది ఉంది.

మామ్మగారిని తీయడం పెద్ద విద్యేం కాదు. స్టేజీ లైట్ల కింద కళ్ళజోడు అద్దాలు మెరిసి కళ్ళు కనపడవు. అందుకే పొద్దున్నే, గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడనిచోట కుర్చీ వేస్తాను. కళ్ళజోడు కొంచెం కిందకి వంచమంటాను. “నన్నెందుకమ్మా, పిల్లల్ని తియ్యి” అని అనకుండా ఉండదు. అప్పుడు మనవరాలిని పక్కన కూర్చోబెట్టి, మామ్మా నీ పెళ్ళి ఎన్ని రోజులు చేశారని అడగమంటాను. నవ్వండీ అని మాత్రం చచ్చినా అనను, అంటే పళ్ళు లేవని నోరు మూసేసుకుంటారు. మొత్తం పది నిమిషాల పని.

ఆ పది నిమిషాలు అప్పుడు పెట్టకపోతే తర్వాత ఏం చేసినా అతుకుల పనే. ముప్పైమంది ఉన్న గ్రూప్ ఫొటోలోంచి ఒక్క మొహం కత్తిరిస్తే గోడ ఫ్రేముకు నిలవదు. వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటో ఇంకా నలిగి వస్తుంది. ఇప్పుడు ఏఐ యాప్‌లు వచ్చాయి. మసకగా ఉన్న మొహాన్ని నిగనిగలాడేట్టు చేసిస్తాయి. ఆ మధ్య ఒకాయన అలా చేయించుకొచ్చిన ఫొటోని కౌంటర్ మీద పెట్టి, చాలాసేపు చూసి, “బానే ఉందిగానీ ఈవిడ మా అమ్మ కాదండీ” అన్నాడు. యాప్‌కు వాళ్ళమ్మ తెలియదు. ముసలావిడ మొహం ఎలా ఉండొచ్చో మాత్రమే తెలుసు.

పెళ్ళివారు చేయదగ్గవి కొన్ని ఉన్నాయి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే ఓ కాగితం మీద పెద్దవాళ్ళ పేర్లు రాసి, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పి ఇవ్వండి. వాళ్ళను గుర్తుపట్టి చూపించడానికి మీవాళ్ళలో ఒకరిని మాకు జత చేయండి, మేనత్త అయితే మరీ మంచిది. ఆల్బమ్ ఇచ్చేశాక మేం పక్కన పడేసిన ఫొటోలు కూడా అడగండి. పెళ్ళికూతురు కళ్ళు మూసిందని మేం తీసేసిన ఫొటోలో వెనక మామ్మగారు చక్కగా ఉండొచ్చు. అడగడానికి మొహమాటపడకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్ళదే. ఆలస్యం మాత్రం చేయొద్దు, కొన్ని నెలలు పోతే ఏ స్టూడియో అయినా ఆ డిస్క్ చెరిపేసి ఇంకో పెళ్ళికి వాడుకుంటుంది. పెళ్ళి దాకా ఆగలేకపోతే ఆషాఢంలో రండి. ముహూర్తాలు ఉండవు, మేం ఈగలు తోలుకుంటూ ఉంటాం, తీరిగ్గా తీస్తాం.

ఈవెంట్ మేనేజర్లకూ ఒక మాట. మీరిచ్చే టైమ్‌టేబుల్‌లో డ్రోన్ ఎగరేయడానికి పావుగంట ఉంటుంది, పెళ్ళికొడుకు కారు దిగడానికి పావుగంట ఉంటుంది. పెద్దవాళ్ళకు ఓ పావుగంట రాయండి. అది ముహూర్తానికి ముందు ఉండాలి. తర్వాత పెడితే వాళ్ళు మాత్రలు వేసుకుని పడుకుంటారు.

వెనక వరసలోంచి మామ్మగారిని నేను ముందుకు తీసుకొస్తుంటే ఒకోసారి ఎవరో ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెడుతుంది. “శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఇప్పుడెందుకమ్మా ఆవిడని” అంటుంది. నేను వాదించను. “పెళ్ళికూతురు అడిగిందండీ” అంటాను. అడక్కపోయినా అంటాను. ఆ ఒక్కరోజూ ఆ పిల్ల మాటకి ఎవరూ ఎదురు చెప్పరు.