ఊపిరి చెప్పే ఆకలి లెక్క

కర్నూల్లో ఏ ఐసీయూ బయటైనా ఓ గంట కూర్చోండి. డాక్టరు తలుపు తీసుకుని బయటికి రాగానే మా సీమోళ్లు అడిగే మాట ఒకటుంటుంది. "సార్, మా వానికి కడుపులో ఏమన్నా పడిందా?"

వినడానికి మామూలుగా ఉంటుంది గానీ, ఐసీయూలో జవాబు చెప్పడం చాలా కష్టమైన ప్రశ్నల్లో ఇదొకటి. ఈ వారం ముచ్చట దాని గురించే.

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. "గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు లే, బలమొస్తది" అని మనోళ్లు ధైర్యం చెప్పుకుంటారు. అర లీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. శక్తి లెక్కలో 85 కేలరీలు. అంటే నూనె వేయని ఒక చపాతీ అంత. రోజుకి నాలుగు సీసాలు ఎక్కినా నాలుగు చపాతీలే. అందుకే ఐసీయూలో ముక్కులోంచి కడుపులోకి సన్నటి పైపు వేసి, ద్రవరూపంలో ఆహారం పంపుతారు. అది కుదరకపోతే నరం ద్వారా పోషకాలు ఇస్తారు.

సరే, ఎంత పంపాలి? అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

ఒంటికి మీటరు ఎక్కడ?

మాది ఓర్వకల్లు. మా మండలంలోని శకునాల, పక్కన గడివేముల మండలంలోని గని, ఈ రెండు ఊళ్ల దగ్గర 2017లో పనిలోకి వచ్చిన సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. అక్కడ పుట్టే ప్రతి యూనిట్‌కీ మీటరుంది. మన ఇంట్లో తిరిగే ఫ్యానుకీ లెక్కుంది. మరి మంచం మీద స్పృహ లేకుండా పడుకున్న మనిషి ఒళ్లు రోజుకి ఎంత శక్తి ఖర్చు పెడుతోందో ఎట్లా తెలుస్తుంది?

ఊపిరిని బట్టి తెలుస్తుంది. ఈ సంగతి 1780ల్లోనే ఫ్రాన్స్‌లో లావోయిజర్ పట్టుకున్నాడు. గినీ పందిని మంచు గడ్డల మధ్య పెట్టి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత గాలి పీల్చి వదిలిందో పోల్చి చూశాడు. పొయ్యిలో కట్టె మండినట్టే ఒంట్లో తిండి మండుతుంది, కాకపోతే నిదానంగా. ఆ మంటకి కావాల్సింది ఆక్సిజన్, బయటికొచ్చే పొగ కార్బన్ డయాక్సైడ్.

ఆ మంటలోంచి వచ్చిన శక్తిని కణాలు ఏటీపీ అనే అణువులో దాచుకుంటాయి. 1929లో దాన్ని కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.

ఇక లెక్క. 1949లో వియర్ అనే ఆయన ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నారు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవండి. ఒక మనిషి నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడి, 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాడు అనుకుందాం. 250ని 3.941తో గుణించండి. 200ని 1.106తో గుణించండి. రెండూ కలిపి 1.44తో గుణించండి. వచ్చేది 1,737. అతని ఒళ్లు రోజుకి పెట్టే ఖర్చు అన్ని కేలరీలన్నమాట. వాట్లలో చెప్తే 84. పాత సీలింగ్ ఫ్యాను ఒకటి రోజంతా తిరిగినట్టు.

ఇట్లా గాలిని కొలిచి శక్తి ఖర్చు చెప్పే పద్ధతి పేరు ఇన్‌డైరెక్ట్ కెలోరిమెట్రీ. వెంటిలేటర్ గొట్టానికి యంత్రం తగిలిస్తే, లోపలికి వెళ్లే గాలినీ బయటికి వచ్చే గాలినీ పోల్చి అంకె చెప్పేస్తుంది.

బరువును గుణిస్తే సరిపోదా?

ఈ యంత్రం లేని చోట సులువైన దారి ఒకటుంది. కిలోకి 25 కేలరీలు అని బరువుతో గుణించేయడం. 70 కిలోల మనిషికి 1,750. బాగుంది కదా?

కానీ ఐసీయూలో మనిషి ఏ బరువు నిజం? సెలైన్లు, మందులు, వాపు కలిసి 70 కిలోల మనిషి 80 కిలోలు తూగొచ్చు. అప్పుడు లెక్క 2,000 చూపిస్తుంది. పెరిగిన పది కిలోలూ నీళ్లు. నీళ్లకి ఆకలేయదు.

పైగా జబ్బు మనిషి ఖర్చు రోజూ ఒకేలా ఉండదు. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఖర్చు దాదాపు పదో వంతు పెరుగుతుంది. మత్తుమందు ఇస్తే తగ్గుతుంది. కండరాలు కదలకుండా మందిస్తే ఇంకా తగ్గుతుంది. నిన్నటి అంకె ఈరోజు పనికిరాకపోవచ్చు. అందుకే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి వీలైతే కొలిచే పెట్టండని యూరప్ పోషకాహార వైద్య నిపుణుల సంఘం ఎస్పెన్ చెబుతోంది.

ఎక్మో దగ్గర చిక్కు

ఎక్మో అనే మాట మన తెలుగిళ్లలో అందరి నోటా నానింది 2020లో. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఆగస్టు 5న కోవిడ్‌తో చెన్నై ఎంజీఎం హెల్త్‌కేర్‌లో చేరారు. తర్వాత వెంటిలేటర్, దాంతోపాటు ఎక్మో పెట్టారు. సెప్టెంబర్ 25న ఆయన వెళ్లిపోయే దాకా కొడుకు చరణ్ అప్‌డేట్ల కోసం మనమంతా ఫోన్లు పట్టుకుని చూశాం. ఆ సెప్టెంబర్ అప్‌డేట్లలో ఒకదాంట్లో, నాన్న నోటి ద్వారా ఆహారం తీసుకోవడం మొదలుపెట్టారని, బలం పుంజుకోవడానికి అది అవసరమని డాక్టర్లు అన్నారని కూడా చెప్పారు. ఊపిరితిత్తుల పని యంత్రం చేస్తున్నా, ఒంటికి తిండి ఎంత ముఖ్యమో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

వెంటిలేటర్ గాలిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది, అంతే. ఊపిరితిత్తులు మరీ దెబ్బతింటే అది చాలదు. అప్పుడు ఎక్మో రక్తాన్ని పెద్ద గొట్టంతో బయటికి తీసి, సన్నటి దారాల్లాంటి బోలు గొట్టాలున్న డబ్బాలోంచి పంపుతుంది. రక్తం గొట్టాల బయట పారుతుంది, లోపల గాలి పోతుంది. అక్కడే ఆక్సిజన్ ఎక్కి, కార్బన్ డయాక్సైడ్ దిగిపోతుంది. శుభ్రమైన రక్తం మళ్లీ ఒంట్లోకి. ఆ డబ్బానే కృత్రిమ ఊపిరితిత్తి.

ఇప్పుడు మన మీటరు సంగతి చూడండి. ఇంటికి రెండు కనెక్షన్లు, రెండు మీటర్లు ఉన్నాయి. రీడింగ్ తీసేటాయన కింది మీటరు మాత్రమే చూసి వెళ్లిపోయాడు. బిల్లు ఎట్లా వస్తుంది?

ఇందాకటి మనిషికే ఎక్మో పెట్టారనుకుందాం. 250లో 180 మిల్లీలీటర్ల ఆక్సిజన్ డబ్బాలో ఎక్కుతోంది, ఊపిరితిత్తుల్లో 70 మాత్రమే. కార్బన్ డయాక్సైడ్ డబ్బాలోంచి 140, ముక్కు దారిన 60. వెంటిలేటర్ దగ్గర పెట్టిన యంత్రానికి కనిపించేది 70, 60 మాత్రమే. లెక్కేస్తే రోజుకి 493 కేలరీలు. నిజంగా కావాల్సింది 1,737. ఆ చిన్న అంకె నమ్మి పెడితే మనిషి పస్తున్నట్టే.

దీనికి మందు రెండు మీటర్లూ చదవడమే. ఊపిరితిత్తుల దగ్గర ఒకసారి కొలుస్తారు. డబ్బాలోంచి బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారు. డబ్బాలోకి వెళ్లే ముందు, వచ్చిన తర్వాత రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, పంపు వేగంతో గుణిస్తారు. అన్నీ కలిపి వియర్ సూత్రంలో వేస్తారు. చెప్పినంత తేలిక కాదు. వెంటిలేటర్‌లో ఆక్సిజన్ శాతం బాగా ఎక్కువ పెట్టినా, గొట్టం దగ్గర గాలి లీకైనా అంకె తప్పుతుంది. నేర్చిన చేతులు కావాలి, టైమూ కావాలి. అందుకే ఎక్మో ఉన్న ప్రతిచోటా ఈ కొలత జరగదు.

ఎక్కువ పెడితే పోయేదేముంది?

"కొంచెం ఎక్కువే పెట్టండి సార్" అనడం మన ప్రేమ. ఐసీయూలో అది కూడా ప్రమాదమే. ఒళ్లు వాడుకోలేనంత పెడితే షుగర్ పెరుగుతుంది, కాలేయంలో కొవ్వు చేరుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. అసలే ఊపిరి ఆడని మనిషికి అది అదనపు బరువు. పైగా జబ్బు మొదటి రోజుల్లో ఒళ్లు సొంత నిల్వలు కరిగించి శక్తి తీసుకుంటూనే ఉంటుంది. మనం ఆపమంటే ఆపదు. అందుకే మొదట్లో కావాల్సినదాంట్లో 70 శాతం దాటకుండా పెట్టి, మూడు రోజుల తర్వాత మెల్లగా పెంచుతారు.

తక్కువైతే కండ కరుగుతుంది. కాళ్లూ చేతులే కాదు, ఊపిరి లాగే కండరం కూడా చిక్కిపోతుంది. జబ్బు తగ్గి యంత్రం తీసేద్దామనుకునే రోజుకి, సొంతంగా ఊపిరి తీసుకునే శక్తి ఉండదు.

ఇంకో సంగతి. మత్తు కోసం ఇచ్చే ప్రొపోఫాల్ అనే తెల్లటి మందు కొవ్వులో కలిపి వస్తుంది. ఒక్కో మిల్లీలీటరుకి 1.1 కేలరీలు. గంటకి 15 మిల్లీలీటర్లు పోతే రోజుకి దాదాపు 400 కేలరీలు. అది కూడా లెక్కలో రాయాల్సిందే.

మనం చేయగలిగింది

యంత్రాలు మన చేతిలో లేవు. ప్రశ్నలు ఉన్నాయి. మీ వాళ్లెవరైనా ఐసీయూలో ఉంటే, గొడవ పడకుండా, మర్యాదగా మూడు అడగండి.

ఒకటి: రోజుకి ఎన్ని కేలరీలు, ఎంత ప్రొటీన్ కావాలని అనుకుంటున్నారు? కొలిచారా, లెక్కేశారా?

రెండు: నిన్న నిజంగా ఎంత లోపలికి వెళ్లింది? రాసిన ఆర్డరు వేరు, పోయిన తిండి వేరు. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు, వాంతైనప్పుడు పైపు ఫీడ్ ఆపుతారు. ఆపిన గంటలన్నీ కలిస్తే పూట పస్తే.

మూడు: ఇక్కడ డైటీషియన్ చూస్తున్నారా?

దాంతోపాటు మీరు ఇవ్వాల్సింది కూడా ఉంది. జబ్బు రాకముందు మనిషి బరువెంత, ఎత్తెంత, షుగరుందా, ఆఖరి వారం రోజులు ఇంట్లో ఎంత తిన్నాడు. వాపుతో ఉన్న మనిషిని చూసి ఈ వివరాలు ఏ డాక్టరూ కనిపెట్టలేడు. ఇంట్లోవాళ్లకే తెలుస్తాయి. దొంగచాటుగా రాగిజావ తెచ్చి పైపులో పోసే ప్రయత్నం మాత్రం వద్దు. పైపు మూసుకుపోతుంది, లెక్కా తప్పుతుంది.

ఇవాళ చిన్న పని ఒకటి చేయండి. ఇంట్లో అమ్మా నాన్నా, అవ్వా తాతల బరువు, ఎత్తు, వేసుకునే మందులు ఫోన్‌లో ఒక నోట్‌లో రాసి పెట్టుకోండి. తేదీ కూడా వేయండి. అయిదు నిమిషాల పని. అవసరం రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం, డాక్టరు అడగ్గానే చెప్పడానికి మీ దగ్గర సరైన అంకె ఉంటుంది.