రోమ్నీపై అసలు అభ్యంతరం

సంపాదకులకు,

2012 అమెరికా అధ్యక్ష ఎన్నికల రిపబ్లికన్ ప్రైమరీల్లో మిట్ రోమ్నీని సంప్రదాయవాదులు నమ్మకపోవడానికి ఆయన మోర్మన్ మతమే కారణమని మీ వ్యాసకర్త తేల్చేశారు. అదీ కొంత ఉంది, కాదనను. కానీ 2006లో మసాచుసెట్స్ గవర్నర్‌గా ఆయన సంతకం చేసిన ఆరోగ్య బీమా చట్టం ఊసే ఎత్తకపోతే ఎలా? బీమా తీసుకోనివారికి జరిమానా వేసిన ఆ చట్టమే ఒబామా ఆరోగ్య చట్టానికి నమూనా అయింది. మరి ఒబామా చట్టాన్ని రోమ్నీ ఏ ముఖం పెట్టుకుని రద్దు చేస్తానంటారన్నది సంప్రదాయవాదుల ప్రశ్న. తమాషా ఏమిటంటే, బీమా తప్పనిసరి చేయాలని 1989లో ప్రతిపాదించింది సంప్రదాయవాదుల సొంత మేధోసంస్థ హెరిటేజ్ ఫౌండేషనే! ప్రైమరీల్లో రోమ్నీ ప్రత్యర్థి గింగ్రిచ్ కూడా దాన్ని ఒకప్పుడు సమర్థించారు. అయినా సౌత్ కరోలినా ఆయనకే పట్టం కట్టింది. అయోవాలో మరో ప్రత్యర్థి శాంటోరమ్ 34 ఓట్లతో ముందు నిలిచారు. రోమ్నీ వ్యతిరేక ఓటు ఇలా చీలడం ఆయనకు బాగా కలిసొచ్చింది. అయినా వ్యాసంలో శాంటోరమ్ పేరైనా లేదు.

– ఒక పాఠకుడు, విజయవాడ