కళ్లజోడు మార్చినా పోని మసక

ఒక కన్ను మూసుకుని ఈ లైన్ చదవండి. ఇప్పుడు రెండోది మూసి చదవండి. పక్కన ఎర్రటి వస్తువేదైనా ఉంటే దాన్నీ అలాగే చూడండి. రెండు కళ్లకీ ఎరుపు ఒకేలా ఉంటే సరే. ఈమధ్యే ఒక కంటికి వెలిసిపోయినట్టు కనిపిస్తోందంటే మాత్రం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మా కోనసీమలో చూపు మసకబారితే అమలాపురం వెళ్లి కళ్లజోడు మార్చుకోవడమే మొదటి ఆలోచన. రోజంతా ల్యాప్‌టాప్ ముందుండే నాలాంటివాళ్లకైతే ‘స్క్రీన్ టైమ్ ఎక్కువైందిరా’ అనే రెడీమేడ్ జవాబుంది. చాలాసార్లు అది నిజమే. కానీ కేబుల్ పాడైతే మానిటర్ ఎంత తుడిచినా ఏం లాభం? కంటికి ఆ కేబుల్ ఆప్టిక్ నర్వ్. పది లక్షలకు పైగా పోగులుంటాయి. చచ్చిపోయిన పోగు మళ్లీ మొలవదు.

అరుదుగా ఈ నరంలోనే పల్చటి గోడల రక్తనాళాలు మల్బరీ పండులా గుత్తి కడతాయి. పేరు కావర్నోమా. మెదడులో ఎక్కడో ఒకచోట ఇలాంటిది సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదు. చూపు నరం మీదో, రెండు నరాలూ కలిసే కూడలిలోనో వచ్చేవి అందులో 1 శాతం లోపే. గట్టు బలం లేని పంట బోదె చూశారుగా, నీళ్లు ఊరుతూ ఊరుతూ ఒకరోజు గండి పడుతుంది. ఇదీ అంతే. హఠాత్తుగా తలనొప్పి, కంటి వెనక నొప్పి, గంటల్లోనే చూపు తగ్గడం.

చిక్కేంటంటే, ఇది నరం వాపులా నటిస్తుంది. స్టెరాయిడ్ ఇస్తే కొన్నాళ్లు తేరుకున్నట్టే ఉండొచ్చు. రక్తం మరీ నెమ్మదిగా పారుతుంది కాబట్టి యాంజియోగ్రామ్‌కి సాధారణంగా దొరకదు. పట్టించేది ఎంఆర్‌ఐ: పాప్‌కార్న్ లాంటి ముద్ద, చుట్టూ పాత రక్తంలోని ఇనుము వల్ల నల్లటి అంచు.

మందులకి కరగదు. రేడియేషన్ పెడదామంటే నరమే దెబ్బతినే ప్రమాదం. న్యూరోసర్జన్ కణత దగ్గర పుర్రె తెరిచి, మైక్రోస్కోప్‌లో చూస్తూ గుత్తినీ గడ్డకట్టిన రక్తాన్నీ నరం నుంచి విడదీస్తారు. ముక్క మిగిలితే మళ్లీ కారొచ్చు, అందుకే మొత్తం తీయాలని చూస్తారు. త్వరగా చేయించుకున్నవాళ్లలో చూపు కొంతైనా తిరిగొచ్చిన కేసులున్నాయి. నెలల తరబడి నలిగిన నరానికి ఆ అవకాశం తక్కువ.

రాజోలు నుంచి ఎటు చూసినా పెద్దాసుపత్రి దూరమే. కాకినాడలో జీజీహెచ్ ఉంది. విశాఖ, విజయవాడల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి క్యాంపస్‌లున్నాయి. బయల్దేరేముందు ఏ కన్ను, ఏ రోజు, ఎన్ని గంటలకి మొదలైందో ఫోన్‌లో రాసుకోండి. పాత స్కాన్ల రిపోర్టొక్కటే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి.